అరవనివాడి నెత్తిన గుర్తు

కడుపులో రెండు తూటాలు దిగినవాడు మూడు సెకన్లలో లేచి కూర్చున్నాడు. కూర్చోవడమే కాదు, తుపాకీ అందుకుని, గోడ దూకి, ఇంకొకణ్ణి కాల్చి వచ్చాడు. వాడికి జరిగిన వైద్యమల్లా ఒకటే. పక్కనున్న సిపాయి వచ్చి గుండెల మీద ఒక సూది పొడిచాడు. ఇదంతా బాపట్లలో మా చెల్లెలి కూతురి ఇంట్లో, మేడ మీద గదిలో, కంప్యూటర్ తెర మీద జరిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంటే ఇది?" అన్నాను మేనకోడలితో.

"మెడిక్ మావయ్యా. యుద్ధంలో దెబ్బలు తగిలినవాళ్ళకి వైద్యం చేసేవాడు. మిలిటరీలో నువ్వు చేసింది అదేగా?"

"నేను చేసింది ఇదా? ఇలాంటి సూదే ఉంటే నన్నెందుకే అంత దూరం పంపారు? తెనాలి స్టేషన్లో టీలమ్మేవాణ్ణి పంపినా పొడిచొచ్చేవాడు."

పక్కన కూర్చున్న ఆమె భర్త నవ్వాడు. నవ్వకపోతే బాగుండేది.

ఆ ఆట వాళ్ళిద్దరూ కలిసి తయారుచేస్తున్నారు. ఉద్యోగాలు మానేసి రెండేళ్ళుగా ఆ గదిలోనే ఉంటున్నారు. బొమ్మలు ఆమె గీస్తుంది. ఆట ఎలా నడవాలో, ఎవరికి ఏం జరగాలో అతను రాస్తాడు. అచ్చం నిజం యుద్ధంలా ఉంటుందని వాళ్ళ గొప్ప. వానలో తడిస్తే బూట్లు బరువెక్కుతాయి. తుపాకీలో ఇసక పడితే పేలదు. ఎండ వాలిన కొద్దీ రాయి నీడ కూడా జరుగుతుంది. ఇన్ని నిజాలు పెట్టిన మహానుభావులు, మనిషి దగ్గరకొచ్చేసరికి సూది పొడిచి లేపేశారు. పదిహేడేళ్ళు సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుగా చేసి, ఇప్పుడు తెనాలిలో ఒక చిన్న ఆసుపత్రిలో పుళ్ళు కడిగి కట్లు కడుతున్న నన్ను, తప్పులుంటే చెప్పమని పిలిచారు.

చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. వచ్చిన చిక్కల్లా తప్పు చేసినవాడు అల్లుడు కావడమే. మా వైపు అల్లుణ్ణి ఎదురుగా తిట్టినవాడు లేడు. అందుకని అతనికి వినపడేట్టు మేనకోడల్ని తిట్టాను.

"మీ ఆయనకి చెప్పవే, మనిషంటే సైకిలు టైరు కాదని. అతుకేసి గాలి కొడితే తిరగడానికి!"

"వింటున్నానండి మావయ్యగారూ," అన్నాడతను.

"మిమ్మల్ని కాదండీ అల్లుడుగారూ. దీన్నంటున్నాను. బుద్ధి లేకపోతే సరి దీనికి."

అది మొదలు ప్రతి ఆదివారం పొద్దున తెనాలిలో పాసింజరెక్కి బాపట్లలో దిగడం, మేడ మెట్లెక్కడం, అరవడం, సాయంత్రానికి తిరిగి రావడం. మా ఆవిడ, "ఆసుపత్రిలో అరిచింది చాలక టిక్కెట్టు కొనుక్కుని మరీ వెళ్ళి అరుస్తున్నారా?" అనేది. నిజమే. కానీ వెళ్ళకుండా ఉండలేకపోయాను.

వాళ్ళ ఆటలో మెడిక్ పడిపోయినవాణ్ణి ఒంటి చేత్తో ఈడ్చుకుంటూ ఇంకో చేత్తో తుపాకీ కాలుస్తాడు. "డాబా మీదికి పదండి," అన్నాను. అల్లుణ్ణి నేల మీద పడుకోబెట్టి, లాగమని మేనకోడలికి చెప్పాను. అతను ఎనభై కిలోలుంటాడు. చొక్కా కాలరు పట్టుకుని రెండు గజాలు లాగేసరికి చొక్కా చిరిగింది, ఆమె కూలబడింది. "ఇప్పుడు తుపాకీ పేల్చు," అన్నాను. పక్క డాబా మీద వడియాలు పెట్టుకుంటున్న ముసలావిడ, "ఏమయిందమ్మా అల్లుడికి?" అని గోడ మీంచి కేకేసింది. ఏమీ కాలేదని చెప్పడానికి చాలాసేపు పట్టింది.

ఇలా ఒక్కొక్కటీ మార్పించాను. కట్టుగుడ్డలు సంచిలో పట్టినన్నే ఉండాలి, అయిపోతే అయిపోవాలి. రక్తం ఆగడానికి తొడకో చేతికో బిగించి పట్టీ కడితే, కట్టిన టైము వాడి నుదుటి మీద రాయాలి, లేకపోతే వెనకాల డాక్టరుకి ఎంతసేపయిందో తెలియదు. కడుపులో తగిలినవాడు నీళ్ళడిగితే పోయకూడదు, వాడు ఎంత బతిమాలినా సరే. మన దగ్గర రోడ్డు మీద ఎవరు పడ్డా ముందు లేపి కూర్చోబెట్టి నోట్లో నీళ్ళు పోస్తారు. ఎన్ని ప్రాణాలు అలా పోవడం చూశానో! ఒకసారి కట్టు కట్టించుకున్నవాడు మళ్ళీ ఆ రోజు ఆటలోకి రాకూడదు. ఇదొక్కటి వినేసరికి అల్లుడి మొహం మాడిపోయింది.

"అలాగైతే ఎవరాడతారండీ?"

"ఆడకపోతే మానెయ్యమనవే," అన్నాను మేనకోడలితో. "యుద్ధం వాళ్ళు ఆడుకోవడానికి పెట్టారా ఏంటి?"

చివరికి దానికీ ఒప్పుకున్నాడు పాపం. ఒప్పుకోనిదల్లా ఒక్కటే, నాకు కావలసిందీ అదే.

ఆ ఆటలో దెబ్బ తిన్నవాడు ఒక మీట నొక్కితే 'మెడిక్' అని కేక వినపడుతుంది. నెత్తి మీద ఎర్ర గుర్తు వెలుగుతుంది. మీట నొక్కలేనివాడికి, స్పృహ తప్పినవాడికి కూడా ఆ గుర్తు దానంతటదే వెలుగుతుంది. మెడిక్ దూరం నుంచే చూసుకుని, ఎవరికెంత తగిలిందో తెలుసుకుని, తీరిగ్గా వెళ్తాడు. ఆ రెండో గుర్తు తీసెయ్యమన్నాను. అరవనివాడి నెత్తిన ఏమీ వెలగకూడదు. వాణ్ణి మెడిక్ తన కళ్ళతో తనే వెతుక్కోవాలి. వెతకకపోతే వాడు చావాలి.

"ఆడేవాళ్ళకి కోపమొస్తుందండీ. నేనిక్కడ పడున్నానని ఎవరికీ తెలియకుండానే చచ్చిపోయానని తిడతారు," అన్నాడు అల్లుడు.

"తిట్టనివ్వండి! అలాగే చస్తారండీ నిజంగా!" అన్నాను. మొదటిసారి సూటిగా అతని మొహం చూసి అరిచాను.

"ఎందుకు మావయ్యా దీనికింత పట్టు?" అంది మేనకోడలు మెల్లగా.

"ఎందుకైతే నీకెందుకే? నిజమన్నారు, నిజం పెట్టండి," అని చెప్పులేసుకుని వచ్చేశాను.

ఎందుకో ఇక్కడ చెబుతాను. ఉత్తరాన కొండల మీద ఒక పోస్టులో ఉండేవాళ్ళం. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళం ఇద్దరమే. కొల్లూరు లంకల్లో అరటితోటల మధ్య పుట్టినవాణ్ణి నేను. రేపల్లె అవతల సముద్రపు పాయ ఒడ్డున పడవల వాళ్ళింట్లో పుట్టినవాడు అతను. నాకంటే అయిదేళ్ళు చిన్న, అన్నా అనేవాడు. వాళ్ళ వాళ్ళు పడవ మీంచి పడవకి గాలికెదురుగా కేకేసి మాట్లాడుకునేవాళ్ళు. ఆ గొంతు వీడికీ వచ్చింది. గుసగుసలాడితే రెండు గుడారాలవతలకి వినపడేది. నాలుగు నెలలు ఆ మంచులో నాతో తెలుగు మాట్లాడిన మనిషి వాడొక్కడే.

ఇంకొకడు అస్సాం వాడు. నోట్లో నాలుక లేదు. తిన్నాక నా పళ్ళెం కూడా కడిగి పెట్టేవాడు, వద్దంటే నవ్వేవాడు. అతని భాష నాకు రాదు, నా భాష అతనికి రాదు, ఇద్దరిదీ వచ్చీ రాని హిందీ.

ఒకరోజు పొద్దున టీలు తాగుతుండగా ఫిరంగి గుండు పడింది. దుమ్ము అణగకముందే తెలుగులో కేక. "అన్నా! కాలు పోయిందన్నా!" నేను సంచి తీసుకుని ఆ కేక మీదికే పరుగెత్తాను. వెళ్ళి చూస్తే పిక్క ఎముక విరిగింది, అంతే. రక్తం పెద్దగా లేదు. అయినా వాడు అరుస్తూనే ఉన్నాడు, నేను బద్ద కట్టి, సూది వేసి, తల నిమురుతూనే ఉన్నాను. అస్సాం వాడు పదిహేను గజాల దూరంలో రాయి పక్కన ఉన్నాడు. నేను వెళ్ళేసరికి పోయాడు. తొడలో పెద్ద రక్తనాళం తెగింది. రెండు చేతులతో తొడని నొక్కి పట్టుకుని ఉన్నాడు, వేళ్ళు విడదీయాల్సి వచ్చింది.

పడ్డప్పుడే పోయినవాడి చేతులు అలా ఉండవు. అయినా అడిగిన ఆఫీసరుతో 'పడ్డప్పుడే పోయాడు సార్' అన్నాను. ఆయన అదే రాసుకున్నాడు. మా శిక్షణలో మొదటి రోజే చెప్పారు, అరిచేవాడికి ఊపిరి ఉన్నట్టే, అరవనివాణ్ణి ముందు చూడమని. నేనే పరీక్షలో రాశాను. తీరా ఆ రోజు నా భాషలో అరిచినవాడి దగ్గరకు పరుగెత్తాను.

బతికినవాడు ఇప్పుడు రేపల్లె దగ్గర పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. కొంచెం కుంటుతాడు. ఏటా ఒకసారి తట్టెడు పీతలు పట్టుకుని మా ఇంటికొచ్చి, మా ఆవిడ ముందు, పిల్లల ముందు నా కాళ్ళకి దణ్ణం పెడతాడు. "అన్న లేకపోతే నేను లేనొదినా," అంటాడు. నాకు వాణ్ణి గుమ్మం బయటికి తోసెయ్యాలనిపించేది. ఆ పీతలు నేను ఏనాడూ ముట్టలేదు. అరగవని చెప్పేవాణ్ణి.

మళ్ళీ బాపట్ల వెళ్ళనని మా ఆవిడతో ఒట్టేసి చెప్పాను. వారం తిరక్కుండా మేనకోడలే ఫోను చేసింది. "మావయ్యా, మా ఆయన నీ మాట ప్రకారం ఒకటి, ఆయన మాట ప్రకారం ఒకటి రెండూ తయారుచేస్తానన్నాడు. నువ్వు ఆడి చూడు. ఏది నిజమైతే అది ఉంచుతాం." వెళ్ళక చస్తానా!

వెళితే ఈసారి కేకల గొడవ. ఎక్కడో డబ్బులిచ్చి కొన్న అరుపులు పెట్టారు. పన్ను పీకుతుంటే అరిచినట్టున్నాయి. "ఇవేం అరుపులే? చచ్చేవాడు అలా రాగం తీస్తాడా?" అన్నాను. తెలుగు సిపాయి కాబట్టి తెలుగులోనే అరవాలట, ఎవరైనా అరిచేవాళ్ళుంటే చెప్పమంది. "నిజంగా అరిచినవాడు రేపల్లె దగ్గరున్నాడు," అనేశాను. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాను. అప్పటికే ఆ పిల్ల నంబరు చెప్పమని ఫోను తీసింది. వాడు ఎగిరి గంతేసినంత పనిచేసి ఒప్పుకున్నాడు.

ఆ పై ఆదివారం వాడు రేపల్లె బండిలో తెనాలి వచ్చాడు. అక్కడి నుంచి ఇద్దరం బాపట్ల బండెక్కాం. ఇస్త్రీ చొక్కా, జేబులో దువ్వెన. పెట్టెలో ఎదురుగా కూర్చున్నవాళ్ళందరికీ, "ఈయనేనండి నన్ను బతికించింది. గుళ్ళు పడతంటే లెక్కచెయ్యకుండా పరిగెత్తుకొచ్చాడండి," అని మొదలెట్టాడు.

"నోర్ముయ్యరా," అన్నాను.

"చూశారా అండి, గొప్ప చెప్పుకోవడం ఇష్టముండదు అన్నకి!"

కిటికీలోంచి దూకుదామనిపించింది.

కేకలో బయటి చప్పుళ్ళు పడకుండా మేడ మీద కిటికీలకి బొంతలు కట్టారు. ఫ్యాను ఆపేశారు. "ఎట్టా అరవాలమ్మా?" అన్నాడు వాడు సిగ్గుపడుతూ. "అప్పుడెలా అరిచారో అలాగే బాబాయ్," అంది మేనకోడలు. వాడు కుర్చీ వద్దని నేల మీద కూర్చున్నాడు. విరిగిన కాలు రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"అన్నా! కాలు పోయిందన్నా! ఇటు రా అన్నా! నన్నొదిలి పోమాకన్నా!"

కింద అద్దెకున్నాయన లుంగీ ఎగగట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అల్లుడు ఆయనకి సర్దిచెప్పి పంపాడు. వాడు కళ్ళు తెరిచి, "బాగా వచ్చిందామ్మా?" అని అడిగాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ కేకని ఆటలో పెట్టి, నన్ను కూర్చోబెట్టారు. మొదట నా మాట ప్రకారం చేసింది. ఇద్దరు పడతారు, ఒకడికి పిక్క, ఒకడికి తొడ, దెబ్బలు నేను చెప్పినవే. ఎక్కడ పడతారో మాత్రం చెప్పరు. నెత్తిన ఎర్ర గుర్తు అరిచేవాడికే, అరవనివాడికి ఉండదు. రేపల్లెవాడు నా పక్కనే స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. నియమం నాది. ముందు ఆగి చుట్టూ చూడాలి, కదలనివాణ్ణి వెతకాలి. అన్నీ తెలిసే కూర్చున్నాను.

తెర మీద గుండు పడింది. దుమ్ము లేచింది. "అన్నా! కాలు పోయిందన్నా!"

నా వేళ్ళు మీటల మీద వాటంతటవే కదిలాయి. నేరుగా వెళ్ళి వాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. బద్ద తీశాను, కట్టు తీశాను. "వచ్చాలేరా, వచ్చా," అని పైకే అంటున్నానట, మేనకోడలు తర్వాత చెప్పింది. ఎర్ర గుర్తు ఆరిపోయింది.

"రెండోవాడు పోయాడండి," అన్నాడు అల్లుడు, తెర మీద ఏదో చూసుకుంటూ. "ఆ రాయి వెనకాల. తొడకి తగిలింది. ముందు అటు వెళ్ళుంటే బతికేవాడు." పాపం అతనికేం తెలుసు! ఆటలో జరిగింది జరిగినట్టు చెప్పాడు.

పక్కన స్టూలు కదిలిన చప్పుడైంది. "అన్నా, మనవాడు కదూ ఆ పడున్నది?" అన్నాడు రేపల్లెవాడు.

ఇక నావల్ల కాలేదు. "మనవాడేరా! పడ్డప్పుడే పోలేదు వాడు. నేను అబద్ధం చెప్పాను. నీకు విరిగింది పిక్క ఎముక. మధ్యాహ్నం దాకా అలా పడున్నా చచ్చేవాడివి కాదు. నువ్వు తెలుగులో ఏడ్చావని నీ దగ్గర కూర్చుని తల నిమిరాను. ఆ టైములో వాడు పోయాడు. ఏటా వచ్చి నా కాళ్ళకి దణ్ణం పెడతావు చూడు, అప్పుడు నిన్ను చంపాలనిపిస్తుంది నాకు. నన్ను కూడా!" గొంతు పోయేలా అరిచాను. మేనకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేడ కింద ఎవరో టీవీ సౌండు తగ్గించారు.

వాడు నా మీద అరవలేదు, ఏడవలేదు. తెర వంకే చూస్తూ అల్లుణ్ణి అడిగాడు.

"బాబూ, ఆ అరిచే మీట ఎన్నిసార్లు నొక్కొచ్చు?"

"ఒకసారి నొక్కితే మళ్ళీ అరనిమిషం దాకా పనిచెయ్యదండి. ఊరికే నొక్కుతూ విసిగిస్తారని."

"ఆ ఆపడం తీసెయ్ బాబూ. ఎన్నిసార్లైనా నొక్కనీ. నిజం కావాలన్నారుగా, అదీ నిజం. వైద్యం చేసేవాడు అటు తిరిగాడనుకో, ఇటు పడ్డవాడు ఊరుకోడు. ఇంకా గట్టిగా నొక్కుతాడు."

"ఏంట్రా నువ్వనేది?" అన్నాను.

"నాకు కనపడతానే ఉన్నాడన్నా. నీ ఈపు వెనకాల. ఒక చెయ్యి తొడ మీద పెట్టుకుని, ఒక చెయ్యి ఎత్తాడు. పిలవడానికి గొంతు లేదు వాడికి. నీకు ఎనకమాల ఏదో కదిలినట్టు అనిపించినట్టుంది."

నేను లేచి వాడి చెంప మీద కొట్టాను. అల్లుడు మధ్యలోకి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. వాడు స్టూలు మీంచి కదలలేదు, చెంప మీద చెయ్యి కూడా పెట్టుకోలేదు. ఇన్నేళ్ళూ ఆ కేక వినగానే ఇంక దేని వంకా చూడలేదనుకుని నన్ను నేను తిట్టుకుంటూ బతికాను. నాకు తల తిప్పినట్టు గుర్తే లేదు.

"నేను అటు తిరిగానా?" అని అడిగాను.

"తిరిగావన్నా. రెండుసార్లు తిరిగావు. రెండుసార్లూ నేనే అరిచా."